మేనేజర్ మెసేజ్ చూడగానే ఇల్లు పోయేంత వరకు ఆలోచన వెళ్తోంది. ఇందులోంచి బయటపడేదెలా?

మీరు అడిగింది ఇదీ: గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం, కూకట్‌పల్లిలో లోన్ మీద కొన్న ఫ్లాట్. "రేపు ఒకసారి మాట్లాడదాం" అని మేనేజర్ మెసేజ్ పెడితే చాలు, తెల్లారేసరికి ఉద్యోగం పోయి, ఈఎంఐ ఆగి, బ్యాంకువాళ్లు ఇంటికి తాళం వేసేదాకా ఊహ పోతోంది. ఆ భయంతోనే ఎవరికీ కాదనలేక, మీకు నచ్చినట్టు ఒక్క రోజూ గడపలేకపోతున్నారు.

చెడు ఊహ ఎవరికైనా వస్తుంది. వచ్చాక ఊరట కోసం చేసే పనులే దాన్ని పెంచి పోషిస్తాయి. మేనేజర్ ఆన్‌లైన్‌లో ఉన్నాడా అని పదే పదే చూడటం, కొలీగ్‌ని "నీకేమైనా తెలిసిందా?" అని కదపడం, ఇంట్లో "ఏం కాదులే" అనిపించుకోవడం, శనివారం పని అడగ్గానే ఒప్పేసుకోవడం. ఊరట కాసేపే ఉంటుంది. 'చూసుకున్నాం కాబట్టే గండం గడిచింది' అన్న లెక్క మాత్రం మెదడులో మిగిలిపోతుంది, ఈసారి ఇంకా ఎక్కువ చూడమంటుంది.

వీటిని ఒక్కసారిగా మానలేరు. చూడాలనిపించినప్పుడు 10 నిమిషాలు ఆగండి. అది అలవాటయ్యాక 30 నిమిషాలు, ఆపైన సాయంత్రం దాకా. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, మీరు ధైర్యం అడిగితే "సాయంత్రం రాసుకో" అని మాత్రమే అనాలి. ముందు చెప్పకపోతే ఆ మాటకే గొడవైపోతుంది.

సాయంత్రం రాసుకోవడమంటే ఇది. రోజూ ఒకే వేళకు, ఒకే కుర్చీలో 20 నిమిషాలు, దిగులు పడటానికే కేటాయించాలి. పగలు ఆలోచన వస్తే ఒక్క ముక్క రాసి పక్కన పెట్టాలి: 'మీటింగ్, ఉద్యోగం భయం'. అంతే. చాలామంది రాసేటప్పుడే విచారణ మొదలుపెట్టేస్తారు, అక్కడే దెబ్బతింటుంది. మంచం మీద చేయొద్దు, నిద్రకు ముందూ వద్దు. "అసలు ఆలోచించను" అని పట్టుబట్టడమూ దండగే. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దంది. వద్దన్నంతసేపూ అది వస్తూనే ఉంది. తర్వాత ఆలోచించుకోవచ్చు అన్నప్పుడు, మొదటినుంచీ అనుమతి ఉన్నవాళ్లకంటే వీళ్లకే ఎక్కువగా గుర్తొచ్చింది.

ఆ 20 నిమిషాల్లో ఊహను మెట్టు మెట్టుగా విడగొట్టండి. మీ విషయంలో ఐదు మెట్లున్నాయి: మీటింగ్ ఉద్యోగం గురించే, ఉద్యోగం తీసేస్తారు, ఆరు నెలలైనా ఇంకోటి దొరకదు, ఈఎంఐలు ఆగిపోతాయి, బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది. ముందుది జరిగితే తర్వాతిది జరగడానికి సగం సగం అవకాశం ఇచ్చినా (అది చాలా ఎక్కువే) చివరిదాకా వచ్చేది 32లో ఒక వంతు, అంటే 3 శాతం. పైగా ఆఖరి మెట్టు మీరనుకున్నంత దగ్గర్లో లేదు. బకాయి 90 రోజులు దాటితేనే లోన్ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆ తర్వాత తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. పెనాల్టీ, సిబిల్ స్కోరు దెబ్బ నిజమే, అవి ముందే వస్తాయి. కాబట్టి చేతిలో ఉన్న పని ఒకటే: ఆరు నెలల ఈఎంఐకి, ఇంటి ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా పోగేయడం. ఈ లెక్క ఒక్కసారి వేస్తే చాలు. రోజూ వేస్తే అదీ ఇంకో రకం చెకింగే.

రాత్రి గుండె దడ మొదలైతే ముక్కుతో 4 సెకన్లు గాలి పీల్చి, 6 సెకన్లు మెల్లగా వదలండి, ఐదు నిమిషాలు. "గట్టిగా ఊపిరి తీసుకో" అని పక్కవాళ్లు చెప్పేది వినకండి. పెద్ద పెద్దగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అది చూసి గుండెపోటేమోనన్న భయం తోడవుతుంది. ఆఫీసులో ఐదో ఇరానీ చాయ్ మీద కూడా ఒక కన్నేయండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ వద్దు.

ఇక కాదనడం. కష్టం తక్కువైన దానితో మొదలుపెట్టాలి: టీకి రమ్మంటే రానని చెప్పడం, తర్వాత దూరపు బంధువుల ఫంక్షన్, తర్వాత రాత్రి 9 గంటల కాల్, ఆఖరున నాన్నగారితో చెప్పకుండా వాయిదా వేస్తున్న మాట ఏదైనా ఉంటే అది. ఒక్కో మెట్టు మీద ఇబ్బంది తగ్గేదాకా చేసి పైకి వెళ్లండి. "అన్నా, ఈ శనివారం నాకు కుదరదు." ఇంతే అనాలి. కడుపునొప్పి, చుట్టాలొచ్చారు అని కారణాలు అల్లితే, కాదన్నా భయం అలాగే ఉంటుంది, ఎందుకంటే గట్టెక్కించింది అబద్ధమే అని మనసుకు తెలుసు. చెప్పే ముందు 'ఏమవుతుందనుకుంటున్నాను' అని, రెండు రోజులయ్యాక 'ఏమైంది' అని రాయండి. అవతలి మనిషి రెండు రోజులు ముభావంగా ఉంటాడేమో, ఉండనివ్వండి. బతిమాలి సర్దిచెప్పడం కూడా పైన చెప్పిన ఊరట పనుల్లోదే.

నచ్చినట్టు బతకడమంటే రేపే పేపర్ వేయడమని నేననను. ఈ భయం సగానికి తగ్గినా అదే నిర్ణయం తీసుకుంటారా అని అడిగి చూసుకోండి. తీసుకోననిపిస్తే ఆ రాజీనామా పారిపోవడమే.

ఆరు నెలలుగా దాదాపు రోజూ ఇలాగే ఉండి, నిద్ర, పని దెబ్బతింటుంటే డాక్టర్‌ని కలవండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇవే లక్షణాలు, టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. డాక్టర్ ఆందోళనకు రోజువారీ మందు రాస్తే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే లాభం లేదని మానకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) మాత్రం వద్దు, అది అలవాటైపోతుంది. ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.