తత్త్వశాస్త్ర ఆచార్యులు సాధించినదేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ.లో తత్త్వశాస్త్రం తీసుకుంటానంటోంది. దానికి నోబెల్ బహుమతి కూడా లేదు కదా! ఆ శాఖల్లో పాఠాలు చెప్పేవారు ఈ మధ్యకాలంలో సాధించినదేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నోబెల్ లేని మాట నిజమే గాని, గొప్ప పురస్కారాలకు కొదవ లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర శాఖలోనూ న్యాయ కళాశాలలోనూ ఆచార్యురాలైన మార్తా నుస్‌బామ్ గారికి 2016లో జపాన్ వారి క్యోటో బహుమతి, 2018లో పది లక్షల డాలర్ల బెర్గ్రూయెన్ బహుమతి, 2021లో నార్వే పార్లమెంటు నెలకొల్పిన హోల్బర్గ్ బహుమతి, 2022లో బాల్జాన్ బహుమతి లభించాయి. బాల్జాన్ సొమ్ములో సగం యువ పరిశోధకుల పనికి వినియోగించాలన్న నియమం నాకెంతో నచ్చింది.

అయితే మీ అమ్మాయి తెలుసుకోవలసినది ఈ బహుమతుల వెనకనున్న పని. 2000లో వెలువడిన నుస్‌బామ్ గారి పుస్తకం 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్' మొదట్లోనే అహ్మదాబాదుకు చెందిన ఒక పేదరాలు కనిపిస్తుంది. భర్త సంపాదనంతా తాగుడుకు తగలేసి, ప్రభుత్వమిచ్చే డబ్బు కోసం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించుకోవడంతో, బిడ్డలు లేని ఆ స్త్రీ చివరకు అతన్ని విడిచి పుట్టింటికి చేరింది. చీర అంచులు మడిచి కుట్టే మిషనుకు అన్నదమ్ములు అప్పిచ్చారు. తరువాత ఆమె, ఇలాబెన్ భట్ గారు స్థాపించిన 'సేవా' అనే స్వయం ఉపాధి మహిళల సంఘంలో అప్పు తీసుకుని వారి బాకీ తీర్చేసింది. పుట్టింటివారు ఆదరించినా, వారి దయ మీద కాక తన కాళ్ల మీద తాను నిలబడడం ఎంత పెద్ద మార్పో మన ఇళ్లలో వివరించి చెప్పనక్కరలేదు.

తలసరి ఆదాయపు లెక్కలో ఈ మార్పు ఎక్కడా కనిపించదు. అందుకే, దేశం ఎంత సంపాదించిందని కాక, ఒక్కొక్క మనిషి నిజంగా ఏమి చేయగలుగుతున్నారు, ఎలా జీవించగలుగుతున్నారు అని అడగాలన్నది అమర్త్య సేన్ గారితో పాటు నుస్‌బామ్ గారు పెంపొందించిన సామర్థ్యాల సిద్ధాంతం. ఏ ప్రభుత్వమైనా ప్రతి పౌరునికీ కనీస స్థాయిలో సమకూర్చవలసిన సామర్థ్యాలు పది అని ఆమె లెక్కకట్టారు. దేహారోగ్యం, హింసలేని బతుకు, ఆస్తి హక్కు, చివరకు ఆటపాటలు సైతం అందులో ఉన్నాయి.

ఇటీవలి 'జస్టిస్ ఫర్ యానిమల్స్'లో ఆమె ఈ ప్రశ్ననే జంతువుల విషయంలోనూ అడిగారు. జంతువుల హక్కుల కోసం న్యాయవాదిగా పనిచేస్తూ 2019లో కన్నుమూసిన కుమార్తె స్మృతికి ఆ గ్రంథాన్ని అంకితమిచ్చారు.