మెదడు ఆపరేషన్ మధ్యలో పేషెంటును లేపి కరెంటు పెట్టి చూస్తారట, ఇన్ని స్కాన్లు ఉండగా అది ఎందుకు?

ఎందుకంటే స్కాన్ చాలదు. నా తల మీదే జరిగింది కాబట్టి ఇంత ధీమాగా చెప్తున్నాను. ఎడమవైపు, చెవికి కాస్త పైన, మెల్లగా పెరిగే రకం గ్లయోమా గడ్డ ఉంటే తీశారు.

ముందు అందరూ అడిగేది నొప్పి గురించి. మెదడును ముట్టుకున్నా నొప్పి తెలియదు. నెత్తి చర్మానికి తెలుస్తుంది కాబట్టి దాని చుట్టూ మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. నన్నయితే పుర్రె తెరిచేదాకా నిద్రపుచ్చి, ఆ తర్వాతే లేపారు. నన్ను ఏడిపించింది కరెంటు కాదు, తల బిగించేసి ఒకే పక్కకు గంటల తరబడి పడుకోబెట్టడం, తుంటి సలుపు, ఎండిపోయిన నోరు, ఆ మూత్రం గొట్టం. ఇవి ముందుగా ఒక్కరూ చెప్పరు. వీడియోల్లో చూస్తే మాత్రం టేబుల్ మీద గిటార్ వాయించేవాళ్ళే కనిపిస్తారు!

అసలు సంగతికి వస్తాను. పక్కన కూర్చున్న స్పీచ్ థెరపిస్ట్ బొమ్మలు చూపిస్తుంటే నేను "ఇది గొడుగు", "ఇది కుర్చీ" అంటూ పోవాలి. ఆ "ఇది" ఊరికే పెట్టింది కాదు. "ఇది" అని ఆగిపోతే పేరు దొరకలేదని, "ఇది" కూడా రాకపోతే మాటే ఆగిపోయిందని వాళ్ళకు అర్థమవుతుంది. కరెంటు ఎప్పుడు పెడుతున్నారో మనకు చెప్పరు. రెండు మొనలున్న చిన్న కడ్డీతో, కొద్ది మిల్లీఆంపియర్లు, ఒక్కోచోట మహా అయితే నాలుగు సెకన్లు. పెట్టినంతసేపు ఆ చోటు పని చెడుతుంది, తీయగానే మామూలే. ఒక్కోసారి దీనివల్ల ఫిట్స్ వస్తాయి, అలా వస్తే మెదడు మీద చల్లటి సెలైన్ పోసి ఆపుతారు, అందుకని అది పక్కనే సిద్ధంగా ఉంచుకుంటారు.

మెదడు పైపొర మీద కరెంటు పెట్టినప్పుడు ఒకచోట అంకెలు లెక్కపెడుతూ టక్కున ఆగిపోయాను, అంతే. అక్కడ నంబరు వేసిన చిన్న చీటీ పెట్టారు. విచిత్రమంతా గడ్డ తీస్తూ లోపలికి వెళ్ళాక మొదలైంది. తాళంచెవి బొమ్మ వచ్చింది. దాంతో ఏం చేస్తారో తెలుసు, చూస్తూనే ఉన్నాను, నోట్లోంచి మాత్రం "ఇది తలుపు" అని వచ్చింది, అదీ ఏ తడబాటూ లేకుండా. తప్పని నాకే తెలుస్తోంది, దిద్దుకోబోతే మళ్ళీ "తలుపు". థెరపిస్ట్ గట్టిగా "అర్థం మారింది" అన్నారు. ఆ వైపు కోత అక్కడితో ఆపేశారు.

తర్వాత సర్జన్ గారు చెప్పిందేమిటంటే, ఆ లోతులో మెదడు వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే పొడవాటి నరాల కట్ట ఒకటి వెళ్తుంది, దాన్ని కదిపితే ఇలా అర్థాలు పక్కకు జారతాయి. ఆర్క్యుయేట్ అనే ఇంకో కట్టను కదిపితే అర్థం సరిగ్గానే ఉంటుంది కానీ అక్షరాలు తారుమారవుతాయి. అంటే తప్పు ఎలాంటిదో చూసి ఎక్కడున్నారో చెప్పేయొచ్చు. ఏ స్కాన్ చెప్తుందండీ ఇది? నరాల కట్టలను చూపించే డీటీఐ అనే ఎమ్మారై స్కాన్ ఉంది, ఆ రంగురంగుల బొమ్మ మెదడులో నీళ్ళ కదలికను బట్టి కంప్యూటర్ వేసిన అంచనా. కట్ట ఎటు పోతుందో చూపిస్తుంది, అది లేకపోతే మీరు ఏం కోల్పోతారో చూపించదు. ఏ స్విచ్చు ఏ లైటుదో తెలియాలంటే నొక్కి చూడాల్సిందే.

పుస్తకంలో ఉన్న మ్యాప్ చూసి కోయడానికీ లేదు. పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ 1930లలోనే కెనడాలోని మాంట్రియల్‌లో ఇలా లేపి పైపొర మ్యాపులు గీశారు. 1989లో అమెరికా సర్జన్ ఓజ్‌మన్ బృందం 117 మంది మ్యాపులు పక్కపక్కన పెట్టి చూస్తే మాటకు కీలకమైన చోట్లు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉన్నాయి. ఇక 2012లో ఎనిమిది వేల మందికి పైగా గ్లయోమా పేషెంట్ల లెక్కలు కలిపి చూశారు. కరెంటు పరీక్ష చేసినవాళ్ళలో తీవ్రమైన శాశ్వత లోపాలు 3.4 శాతం, చేయనివాళ్ళలో 8.2 శాతం. పైపొర కొంత పోయినా పక్క భాగాలు పని అందుకోవచ్చుగానీ, లోపలి కట్ట తెగితే కోలుకోవడం చాలా కష్టమని ఫ్రాన్స్‌లోని మోంపెల్యే సర్జన్ డ్యూఫో ఏళ్ళ తరబడి చెప్తున్నారు. నా ఓటు ఆయనకే.

ఒక్కటే నా ఫిర్యాదు. ఈ పరీక్ష అడిగినదానికే జవాబిస్తుంది. నాకు బొమ్మల పేర్లే అడిగారు, చదివించి చూడలేదు. ఆపరేషన్ తర్వాత మాట బాగానే ఉంది, చదవడం మాత్రం చాలా రోజులు కూడబలుక్కుంటూ సాగింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళయితే రెండింట్లోనూ చూడమని అడగండి, ఒక భాషకు అడ్డొచ్చిన చోటు ఇంకోదానికి రాకపోవచ్చు. ఉద్యోగంలో లెక్కలే ప్రాణమైతే లెక్కలు పెట్టమనండి. ఇదంతా ఆపరేషన్‌కు ముందే, థెరపిస్ట్ బొమ్మలు చూపించి మీకు రానివి తీసేసే రోజున మాట్లాడుకోవాలి. టేబుల్ మీద అడిగే ఓపిక మీకూ ఉండదు, వాళ్ళకూ ఉండదు.