అన్నిటికీ సరే అనకు బాబూ

బాబూ, వందనాలు. యూత్ సెక్రటరీ పోస్టు తీసుకోవాలా వద్దా అని నువ్వు పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివాను. చర్చిలో ఇంత పని చేస్తున్నా లోపల మాత్రం ఎండిపోయినట్టుంది అంకుల్ అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే ఉన్నాను కానీ బయటికి చెప్పే ధైర్యం రాలేదు.

ఒకసారి మేం చర్చిలో 3 రోజుల ప్రార్థన కూటాలు పెట్టాం. మైకులు నేనే, కుర్చీలు నేనే, వచ్చినోళ్ళ వసతి కూడా నేనే, క్షణం తీరిక లేదు, అందరూ నా పేరే పిలుస్తుంటే అబద్ధం ఎందుకు, బాగానే అనిపించింది. ఆఖరి రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ ఇవాళ వాక్యం ఏంటండీ అని అడిగింది. నోట మాట రాలేదు. ఏ మైకు ఎన్నిసార్లు కీచుమందో చెప్పగలను గానీ 3 రోజుల్లో ఒక్క వచనం గుర్తులేదు నాకు.

మనల్ని దారి తప్పించేది పాపమే అనుకుంటాం, ఎక్కువసార్లు మంచి పనులే తప్పిస్తాయి. మార్కు సువార్త 1వ అధ్యాయం తీసి చూడు. ముందు రోజు సాయంత్రం కపెర్నహూము ఊరంతా వాకిట్లో గుమిగూడింది, యేసయ్య ఎంతోమందిని బాగుచేశాడు. మర్నాడు ఇంకా చీకటుండగానే లేచి ఒంటరిగా వెళ్ళి ప్రార్థన చేసుకుంటుంటే పేతురు వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం చూస్తున్నారు అన్నారు. మనమైతే పరుగెత్తుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఆయన పక్క ఊళ్ళకి పోదాం పదండి, నేనొచ్చిందే ఇందుకు అన్నాడు. ఆ ఊళ్ళో అవసరం తీరిపోయిందనా, కాదు, తను ఎందుకొచ్చాడో ఆయనకి తెలుసు. ఆ స్పష్టత ఎక్కడ దొరికిందో కూడా పక్కనే రాసుంది కదా, చీకట్లో చేసిన ఆ ప్రార్థనలో.

యెరూషలేము గోడ మళ్ళీ కట్టించిన నెహెమ్యా కూడా అంతే. ఓనో మైదానానికి రా మాట్లాడుకుందాం అని ఆ పనికి అడ్డుపడే సన్బల్లటు వాళ్ళు 4 సార్లు కబురు పెడితే 4 సార్లూ ఒకటే జవాబు, పని వదిలి రాలేను అని. గోడ 52 రోజుల్లో పూర్తయింది. వాళ్ళు కీడు తలపెట్టారు కాబట్టి కాదనడం తేలికేలే అంటావేమో, నిజమే, మనల్ని పిలిచేది మనవాళ్ళే కాబట్టి మనకి ఇంకా కష్టం.

ఇక నువ్వు చేయాల్సింది. పొద్దున లేవగానే ఫోన్ ముట్టుకోకు. బైబిల్ యాప్‌లోనే చదువుతాను అంకుల్ అంటావు, నేనూ అలాగే మొదలెట్టాను, కీర్తన సగంలో ఉండగా పైన ఒక నోటిఫికేషన్ జారుతుంది, అరగంట తర్వాత చూస్తే ఎవరిదో పెళ్ళి ఫోటోల్లో ఉంటాం. పేపర్ బైబిల్ పెట్టుకో, రాత్రి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టు. ఒక నోట్‌బుక్‌లో నువ్వు ప్రార్థన చేసేవాళ్ళ పేర్లు తేదీతో రాసుకో. నా దాంట్లో ఒక పేరు 11 ఏళ్ళుగా ఉంది, ఆ ప్రార్థన నెరవేరినట్టు ఇంకా టిక్ పడలేదు, ఆ పేజీ అంచులు నలిగిపోయాయి. అయినా పొద్దున్నే నన్ను కూర్చోబెట్టేది ఆ పేరే.

ఏమీ అనిపించని రోజులు వస్తాయి, వాటికి కంగారుపడి కొత్త ప్రోగ్రాములు తగిలించుకోకు. 13వ కీర్తన 6 వచనాలే, మొదటి రెండిట్లోనే దావీదు ఇంకెన్నాళ్ళు అని 4 సార్లు అడిగేశాడు. నువ్వూ అడుగు, దేవుడేమీ అనుకోడు.

ఎవరికీ కనపడని పని ఒకటైనా ఉంచుకో, మంచం పట్టిన ఒక పెద్దాయన దగ్గర వారానికోసారి కూర్చుని వాక్యం చదివినా చాలు, ఫోటో మాత్రం తీయకు. స్టేజీ లేనప్పుడు కూడా ఆ పని చేయాలనిపిస్తోందా లేదా అన్నది నీకే తెలుస్తుంది.

యూత్ సెక్రటరీ పోస్టు సంగతి అడిగావు. ఇప్పటికే క్వైర్, సండే స్కూల్ రెండూ నీ మీదే ఉన్నాయి, ఆ పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నీ మొహం వెలగడం నేను చూశాను. సెక్రటరీ పని వద్దని పాస్టర్ గారికి ఈ ఆదివారమే చెప్పెయ్, నాన్చకు. ఆయన కాస్త చిన్నబుచ్చుకుంటారు, పర్లేదు, నేను మాట్లాడతాను.