గ్రీకులో ‘మధ్య’: కొత్త అనువాదకుడికి ఒక లేఖ

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన అధ్యాయం చదివాను. ఇంగ్లీషు కథని గ్రీకులోకి తేవాలనుకునేవాళ్ళు మనలో అరుదు, అందుకే ముందు సంతోషించాను. వ్యాకరణానికి వంక పెట్టేదేం లేదు. కానీ ఇంగ్లీషులో ‘మిడిల్’ కనపడ్డ ప్రతిచోటా నువ్వు ‘మేసి’ అని రాసేశావు. గది మధ్యలో, రాత్రి మధ్యలో, భోజనం మధ్యలో, జనం మధ్యలో, అన్నిటికీ అదే. గది వరకు సరే. మిగతా చోట్ల గ్రీకు పాఠకుడు కాసేపు ఆగి, ఇది పరాయివాళ్ళు రాసింది అనుకుంటాడు.

మేసి అంటే మధ్య అనే కాదు, నడుము కూడా. గ్రీసులో నడుం నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళినవాడు చెప్పేది ఈ మాటే. మనకి నడుమ, నడుము పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇందులో వింతేం లేదు. ఇంగ్లీషు మీదుగా గ్రీకు నేర్చుకున్నవాళ్ళకి దొరకని సదుపాయం నీకుంది, దాన్ని వాడుకో. ఇంగ్లీషు వాక్యం చూడగానే డిక్షనరీ తెరవకు. ముందు దాన్ని తెలుగులో ఎలా అంటావో చూసుకో. రెండింటి నడుమా, గుంపులోనా, ఒకదాని లోపలా, పని జరుగుతుండగానా, కొలతలోనా? తెలుగు ఇక్కడ ఇంగ్లీషు కంటే విడమరిచి చెబుతుంది. చాలాసార్లు గ్రీకు కూడా అక్కడే విడిపోతుంది.

రాత్రి సంగతి చూడు. ‘అర్ధరాత్రి పూట ఫోన్ మోగింది’ అనడానికి గ్రీకులో సహజంగా వచ్చేది ‘మేస స్తి నిఖ్త’, అంటే రాత్రి లోపల. ఆగస్టు మధ్యలో అంటే బహువచనం, ‘స్త మేస’. దారి సగంలో అంటే ఇవేవీ కావు, సగానికి ఉన్న మాటతో ‘స్త మిసా’ అంటారు. సరిగ్గా నడిరోడ్డు మీద అని గట్టిగా చెప్పాలంటే ‘కత’ చేర్చి ‘కతమెసీస్’. ఆ ‘కత’ నాకు భలే ఇష్టం. దాన్ని మధ్యాహ్నానికి తగిలిస్తే ‘కతమెసీమెరో’ అవుతుంది, అచ్చం మన మిట్టమధ్యాహ్నం. నీ కథలో ఎండలో నడిచే కుర్రాడికి ఆ మాట ఇవ్వకుండా ‘రోజు మధ్యలో’ అని రాశావు. ఎండంతా పోయింది.

పని మధ్యలో ఉన్నప్పుడు గ్రీకువాళ్ళు అసలు మధ్యనే తలచుకోరు. ‘పానో’ అంటారు, అంటే పైన. వంట చేస్తుండగా ఫోన్ వచ్చిందంటే ‘పానో పు’ అని మొదలుపెట్టి వంట చేస్తున్న క్రియ వేస్తారు. మాటల మధ్యలో అన్నా మాటల మీద అన్నట్టే ఉంటుంది. మనం తొందర మీద ఉన్నాడు, ఆకలి మీద ఉన్నాడు అనమూ? అదే చెవితో విను.

రెండింటి మధ్య, అనేకుల మధ్య అని ఇంగ్లీషు బళ్ళో బెత్తం పట్టుకుని నేర్పిన తేడా గురించి టెన్షన్ పడకు. ‘అనామెస’ రెండింటికీ చాలు. ‘మెతక్సీ’ కాస్త బిగువైన మాట, తర్వాతి పదాన్ని షష్ఠిలో పెట్టమంటుంది. ఏథెన్సుకీ థెస్సలొనీకికీ మధ్య అని రాసేటప్పుడు అది బాగుంటుంది. అలాగని పొడి మాట అనుకోకు. మనలో మన మాట అనడానికి ‘మెతక్సీ మాస్’ అంటారు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం ముసలావిడ. చేపలమ్ముకునే మనిషి నోట ‘ఎన్ మేసో’ పలికించావు. అది పాత గ్రాంథికం మిగిల్చిపోయిన ముక్క. సంక్షోభం నడుమ, మహమ్మారి నడుమ అని పత్రికలు శీర్షికలు పెట్టేటప్పుడు వాడతాయి. గ్రీసులో జనం మాట్లాడే భాష అధికార భాష అయింది 1976లోనే. అంతవరకూ ఆఫీసులూ చట్టాలూ కథరెవూసాలో, అంటే గ్రాంథిక గ్రీకులో, నడిచాయి. ఆ వాసన కొన్ని పదబంధాల్లో ఇంకా ఉంది. గిడుగు వారి పోరాటం తెలిసినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. గుమాస్తా పాత్ర ఉంటే ‘ఎన్ మేసో’ దాచుకుని అతనికివ్వు.

ముగ్గురు అన్నదమ్ముల్లో మధ్యవాడికి నువ్వు ‘మేసోస్’ అని రాశావు. అది సగటుకి వాడే మాట. సగటు అంటే ‘మేసోస్ ఓరోస్’, సగటు పౌరుడు అన్నా అదే. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని తెలంగాణలో అంటారే, ఆ నడిపోడు గ్రీకులో ‘మెసేఓస్’. మధ్య సైజు చొక్కా కూడా అంతే.

ఇక ‘గోల్డెన్ మీన్’, అంటే అటు అతీ ఇటు లోటూ లేని మధ్యేమార్గం. దాన్ని ముక్కకి ముక్క ‘ఖ్రిసీ మేసి’ అని మార్చావు. చదివినవాడికి బంగారు నడుము కనిపిస్తుంది! రాజీ కుదిరిందని చెప్పడానికి వాళ్ళు ‘ఖ్రిసీ తొమీ’ అంటారు, మాటవరసకి బంగారు కోత. జ్యామితి నుంచి వచ్చిన మాట అది. నీ కథలో కోర్టు గొడవ సర్దుబాటయ్యే చోట అది చక్కగా కూర్చుంటుంది. కానీ ప్రొఫెసర్ నోట వచ్చేది అరిస్టాటిల్ ఆలోచన, అక్కడ ‘మెసోతితా’ కావాలి. పది మినాల (మినా అంటే పాత గ్రీకు తూకం) తిండి ఎక్కువ, రెండు తక్కువ అయినంత మాత్రాన శిక్షకుడు అందరికీ ఆరు పెట్టడని ఆయన అన్నాడు. ‘మీలో’ అనే పేరున్న మల్లయోధుడికి అది చాలదు, కసరత్తు కొత్తగా మొదలుపెట్టినవాడికి ఎక్కువ. మనిషిని బట్టి మారే మధ్య అది. రాజీతో దానికి సంబంధం లేదు.

మితానికి ఇంకో మాట ‘మేత్రియోస్’. అదే మాట పరీక్షలో మార్కులకి వాడితే అంతంతమాత్రం అని, కాఫీకి వాడితే చక్కెర మధ్యస్థం అని. కాఫీ హోటల్ సీనులో నువ్వు దాన్ని సరిగ్గానే పట్టావు.

రాయికీ గట్టి చోటుకీ మధ్య ఇరుక్కున్నాడనే ఇంగ్లీషు నానుడిని నేరుగా దించావు. తీసెయ్. ముందు కొండచరియ, వెనక వాగు అని గ్రీకు సామెత ఉంది: ‘బ్రోస్ గ్రెమోస్ కే పీసో రేమ’. మన ముందు నుయ్యి వెనక గొయ్యికి తోబుట్టువు. రెండిట్లోనూ మధ్య అనే మాటే లేదు చూశావా.

‘ఎక్కడా కాని చోటు మధ్యలో’ అని ఇంగ్లీషువాళ్ళు అనేదాన్ని ఈ మధ్య గ్రీకులు కూడా యథాతథంగా ‘స్తి మేసి తు పుథెనా’ అంటున్నారు. కుర్రాళ్ళ పాత్రలకి పెట్టు, అభ్యంతరం లేదు. నాకైతే నచ్చదు. పాతకాలపు లారీ డ్రైవర్ అయితే ‘దెయ్యం తల్లి ఉండే చోటు’ అంటాడు. నీ కథలో ఉన్నది వాడే.

ఊరి మధ్య, ‘సెంటర్’ అనే అర్థంలో వచ్చే చోట ‘కేంద్రో’ పెట్టావు, బాగుంది. మన కేంద్రం కూడా ఆ గ్రీకు మాటే. జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి వచ్చి మన దాకా చేరింది.

ముసలావిడ సంభాషణ, మిట్టమధ్యాహ్నం పేరా ముందు తిరగరాయి. కోర్టు భాగాన్ని ఇప్పుడే ముట్టుకోకు. అందులో దళారీకి ‘మెసీతిస్’ అని పెట్టావు. అది ఇళ్ళ బ్రోకరుకి బాగా అలవాటైన మాట, రాజీ కుదిర్చే పెద్దమనిషికి కుదురుతుందో లేదో ఆ సీను మొత్తం చూశాక చెబుతాను. ఇంగ్లీషు మూలం కూడా జతచేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య