వెనక షాక్‌లో గాలి నిలవకపోతే ఇంట్లో ఎంతవరకు విప్పొచ్చు?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మౌంటెన్ బైక్ (కొండబాటల సైకిల్) వెనక ఎయిర్ షాక్, అంటే గాలితో పనిచేసే షాక్ అబ్జార్బర్, రెండు రోజులకే దిగిపోతోందని, అనంతపురంలో దాన్ని ముట్టుకునే మెకానిక్ దొరకలేదని, బెంగళూరు పంపకుండా ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు. నాదీ ఈ ఊరే. నాలుగేళ్లుగా నా షాక్ నేనే విప్పి సీళ్లు మార్చుకుంటున్నాను. గాలి పోతుంటే ఇంట్లో చేసుకోవచ్చు. లోపలి ఆయిల్ పోతుంటే మాత్రం చెయ్యి పెట్టకండి. మీది ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోవాలి.

షాక్ పంపు తగిలించిన ప్రతిసారీ మీటర్‌లో కొంత తక్కువ చూపిస్తుంది. అది లీకు కాదు. షాక్‌లో పట్టే గాలే చాలా కొంచెం, అందులోంచి కొంత పంపు గొట్టంలోకి వచ్చేస్తుంది కాబట్టి ముల్లు పడిపోతుంది. మొదట్లో నెల రోజులు నేను దీన్నే లీకనుకుని టెన్షన్ పడ్డాను. అందుకని పంపుతో చూడొద్దు. గాలి కొట్టాక బండిని గోడకు ఆనించి, రైడ్‌కి వెళ్లేటప్పటిలాగే హెల్మెట్, బ్యాగుతో మెల్లగా ఎక్కి కూర్చోండి. షాక్ కడ్డీ మీదున్న రబ్బరు ఓ-రింగ్ ఎంత జరిగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. రెండు రోజులయ్యాక, పంపు జోలికి పోకుండా, మళ్లీ అలాగే కొలవండి. ఎక్కువ దిగితే లీకున్నట్టే.

లీకెక్కడో సబ్బు నురుగు చెబుతుంది. వాల్వ్ దగ్గర బుడగలొస్తే మీ అదృష్టం. అది మోటర్ సైకిల్ ట్యూబుకుండే వాల్వ్ లాంటిదే, పంక్చర్ షాపులో ఉండే చిన్న కీతో లోపలి పిన్ను కాస్త బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. కడ్డీ గాలి ఉండే డబ్బాలోకి దూరే చోట బుడగలొస్తే సీల్ పోయింది. కడ్డీ మీద పలచని జిడ్డు ఉండటం మామూలే. అలా కాకుండా ఆయిల్ కారుతున్నా, నొక్కినప్పుడు లోపల బుసబుసమని చప్పుడొస్తున్నా, రీబౌండ్ నాబ్ (షాక్ తిరిగి చాచుకునే వేగాన్ని మార్చేది) ఎటు తిప్పినా షాక్ ఒకే వేగంతో పైకి ఎగిరొస్తున్నా డ్యాంపర్, అంటే ఆ వేగాన్ని అదుపు చేసే ఆయిల్ భాగం, పాడైనట్టు. అందులో ఆయిల్‌తో పాటు ఎక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ నింపి ఉంటుంది. దానికి ప్రత్యేక పనిముట్లు కావాలి. రెండు బోల్టులు తీస్తే షాక్ ఒక్కటే బయటికొస్తుంది, బండంతా పంపక్కర్లేదు. గాలి తీసేసి పార్సిల్ చేయండి.

గాలి భాగమే అయితే విప్పే ముందు ఈ ఒక్కటి నెమ్మదిగా చదవండి. డబ్బాలో రెండు గదులుంటాయి. పెద్ద గదిలోని గాలి షాక్‌ని చాచి ఉంచుతుంది. దానికి ఎదురుగా ఉండే చిన్న గదిని నెగెటివ్ చాంబర్ అంటారు. మధ్య సీల్ పాడైతే గాలి పెద్ద గదిలోంచి చిన్న గదిలోకి దూరి అక్కడే ఇరుక్కుంటుంది. అప్పుడు షాక్ ముడుచుకుపోయి, ఎంత గాలి కొట్టినా చాచుకోదు. మీది అలా ఉంటే దయచేసి విప్పకండి. వాల్వ్‌లోంచి గాలంతా తీసేసినా ఆ చిన్న గదిలో ఒత్తిడి అలాగే ఉంటుంది. మరలు వదలగానే డబ్బా తుపాకీ గుండులా ఎగురుతుంది, చెయ్యో కన్నో పోవచ్చు. అది అనుభవమున్నవాళ్ల పని.

షాక్ మామూలుగా చాచుకునే ఉంటే వాల్వ్ పిన్ను నొక్కి గాలి వదలండి. పిన్ను నొక్కి ఉంచే షాక్‌ని మెల్లగా నాలుగైదుసార్లు ముడిచి చాచండి, మిగిలింది కూడా పోతుంది. నేను ఇంకో జాగ్రత్త తీసుకుంటాను. షాక్ చివర బోల్టు పట్టే రంధ్రంలోంచి ఒక పాత గుడ్డను దూర్చి పెడతాను. డబ్బా ఒక్కసారిగా జారినా దాటి పోకుండా అది ఆపుతుంది. మొహం డబ్బాకి సూటిగా పెట్టకూడదు. డబ్బా పట్టు వదలకపోతే పట్టకారు వేయొద్దు, గీతలు పడతాయి. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పితే వస్తుంది.

సీల్ కిట్ కొనేటప్పుడు షాక్ మీద రాసున్న మోడల్, ఏ ఏడాదిదో చూసి తీసుకోండి. 200×57 లాంటి కొలత చూసి కొంటే కుదరదు, అది షాక్ పొడవు, కదలిక మాత్రమే చెబుతుంది. పాత సీళ్లు తీసే ముందు ప్రతిదానికీ ఫోటో తీసుకోండి. ఓ-రింగ్ పక్కన పలచటి ప్లాస్టిక్ రింగులుంటాయి, అవి ఏ వైపున్నాయో తారుమారైతే మళ్లీ లీకే. సీళ్లు పీకడానికి సూది, స్క్రూడ్రైవర్ వాడొద్దు. నేను వెదురు పుల్ల వాడతాను.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. మొదటిసారి నేను పెట్రోల్‌తో తుడిచాను. కొత్త సీళ్లు రాత్రికి రాత్రి ఉబ్బిపోయి గాడిలో కూర్చోలేదు. ఇంకో కిట్ కోసం రెండు వారాలు ఆగాల్సొచ్చింది. గ్రీజు కూడా సస్పెన్షన్ కోసం అమ్మేదే వాడాలి, బేరింగ్ గ్రీజు వద్దు. బిగించే ముందు కడ్డీ మీద గోరు రాసి చూడండి. ఎక్కడైనా గోరు పట్టుకుంటే ఆ గీత కొత్త సీల్‌ని కూడా కోసేస్తుంది.

మళ్లీ బిగించాక ఒకేసారి నిండా కొట్టొద్దు. 50 పీఎస్‌ఐ దాకా కొట్టి, పదిసార్లు మెల్లగా నొక్కండి. అప్పుడు రెండు గదుల్లో గాలి సమానమవుతుంది. తర్వాత మీ బరువుకు తగ్గట్టు పెంచుకుంటూ, ఎక్కి కూర్చున్నప్పుడు షాక్ కదలికలో 25 నుంచి 30 శాతం దిగేలా చూసుకోండి. 57 మిల్లీమీటర్ల షాక్‌కి అది సుమారు 14 నుంచి 17 మిల్లీమీటర్లు. షాక్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటొద్దు. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి అసలు తీసుకెళ్లొద్దు.

ఇక మన నేల సంగతి. సాధారణంగా గాలి భాగాన్ని 50 గంటల రైడింగ్‌కి ఒకసారి శుభ్రం చేయమంటారు కొన్ని కంపెనీలవాళ్లు. బుక్కరాయసముద్రం వైపు ఎర్రమట్టి బాటల్లో, వేరుశెనగ చేల గట్ల మీద తిరిగితే నేను అంతకాలం ఆగను. ఆ మెత్తటి దుమ్ము కడ్డీ మీద కూర్చుని ఉప్పు కాగితంలా రుద్దుతుంది. రైడ్ నుంచి రాగానే పొడి గుడ్డతో కడ్డీ తుడవండి. వాటర్ సర్వీసింగ్ గన్ మాత్రం షాక్ మీద పెట్టనివ్వకండి, దుమ్ముని సీల్ లోపలికి తోసేది అదే.

ఒకవేళ మీ బండికున్నది గాలి వాల్వ్ లేని ఉత్త స్ప్రింగ్ అయితే పైదంతా వర్తించదు. చవక బళ్లలో అదే ఉంటుంది. వాటికి బుష్‌లు (బోల్టు రంధ్రాల్లో ఉండే చిన్న గొట్టాలు) మార్చడం, నట్టు తిప్పి స్ప్రింగ్ బిగువు సరిచేయడం తప్ప చేసేదేమీ లేదు.

మీ షాక్ మీదున్న మోడల్ పేరు, లీకు ఎక్కడ కనబడిందో కింద రాయండి. ఏ కిట్ కావాలో చూసి చెబుతాను.