సంచులు రాలేదని చెప్పడానికి వెళ్లిన అమ్మాయి

‘విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో నాయకత్వ లక్షణాలు పెంపొందించడానికి ఎలాంటి శిక్షణ ఇవ్వాలి?’ అని అడిగారు. నేను విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యతా నాదే. సూటిగా చెబుతున్నాను, శిక్షణతో నాయకత్వం రాదు. పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వాలి. ఆ పనిలో వాళ్ల నిర్ణయమే చెల్లాలి. ఆ నిర్ణయానికి నలుగురి ముందు వాళ్లే జవాబు చెప్పుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలేది ధ్రువపత్రమే.

ఈ నమ్మకం నాకు 2018లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కుదిరింది. అప్పుడు నేను శ్రీకాకుళంలో పీజీ చదువుతున్నాను. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తాతలు, తండ్రులు పెంచిన తోటలు ఒక్క రాత్రిలో పోయాయి. స్తంభాలు కూలి కరెంటు లేదు, కరెంటు లేక మోటార్లు తిరగలేదు, తాగడానికి నీళ్లు లేవు.

మేము కొంతమంది విద్యార్థులం చందాలు పోగుచేసి బియ్యం, దుప్పట్లు, నీళ్ల డబ్బాలు లారీకి ఎక్కించుకుని వెళ్లాం. ఊరికి పోయే దారికి అడ్డంగా చెట్లు పడి ఉండటంతో లారీ రోడ్డు మీదే ఆగిపోయింది. సంచులు భుజాన వేసుకుని మోశాం. ఊళ్లోకి వెళ్లాక అసలు చిక్కు ఎదురైంది. మేము తెచ్చిన సంచుల కంటే ఇళ్లు ఎక్కువ. రెండు వీధులవాళ్లు ‘ముందు మాకే’ అంటూ గొంతులు పెంచారు. వక్తృత్వ పోటీల్లో బహుమతులు కొట్టిన మా మిత్రుడు ఒకడు సంచి మీదికెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు.

మాలో కవిటి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. తరగతిలో ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. ఆ గొడవ మధ్యలోనే ఆమె ఒక రూళ్ల పుస్తకం తీసుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. ప్రతి గడపలోనూ మొదట అడిగిన ప్రశ్న, ‘ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ ఉద్దానంలో ఆ జబ్బు ఎన్ని కుటుంబాలను తినేసిందో ఆ ప్రాంతం పిల్ల కాబట్టి ఆమెకు తెలుసు. అలాంటి ఇంటి పేరు పక్కన చిన్న గుర్తు పెట్టుకుంది. తర్వాత ఇల్లు పాకా, పెంకుటిల్లా, డాబానా అని రాసుకుంది. తిరిగొచ్చి అందరి ముందూ నిలబడి చెప్పింది. నీళ్ల డబ్బాలు ముందు జబ్బు ఉన్న ఇళ్లకు. బియ్యం పాకలకు, పెంకుటిళ్లకు. డాబాల్లో నిల్వ బియ్యం తడవలేదు కాబట్టి వాళ్లు ఈ రోజుకు ఆగాలి, రేపు వచ్చే సంచులు ముందు వాళ్లకే.

ఒక పెద్దాయన ముందుకు వచ్చి, ‘చెప్పడానికి నువ్వెవరమ్మా?’ అన్నారు.

‘పక్క ఊరి పిల్లనే తాతా. మా జీడితోట కూడా పోయింది. మాది డాబా ఇల్లే. మా ఊళ్లో సంచులు పంచినప్పుడు మేమూ తీసుకోలేదు’ అంది.

ఆయన ఇంకేమీ అనలేదు. సంచులు మోయమని తన కొడుకులనే పిలిచారు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఇది చక్కటి కథ అవుతుంది. నాకు ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. మర్నాడు రావలసిన సంచులు రాలేదు. ఇస్తామన్నవాళ్లు సరుకును వేరే ఊరికి మళ్లించారు. మేమంతా ‘వచ్చాక వెళ్దాంలే’ అనుకుంటుంటే ఆమె మాత్రం వట్టి చేతులతో ఆ ఊరు వెళ్లింది. డాబా ఇళ్లన్నీ తిరిగి, ‘ఈ రోజు ఇస్తామన్నాను, రాలేదు, ఎప్పుడొస్తాయో తెలిశాక మళ్లీ వచ్చి చెబుతాను’ అని చెప్పి వచ్చింది. కొందరు తిట్టారు. తలవంచుకుని నిలబడి విన్నది. సంచులు వచ్చిన రోజు ఆ ఊళ్లో వరస కోసం ఎవరూ గొడవపడలేదు. ఆమె పుస్తకంలో ఉన్న వరసనే పాటించారు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు కూడా మాట ఇచ్చిన చోటికి తిరిగి వెళ్లడాన్ని మించిన నాయకత్వం నాకు తెలియదు. ఏ శిక్షణ తరగతిలోనూ దీన్ని పాఠంగా పెట్టగా నేను చూడలేదు.

మన కళాశాలల్లో జరుగుతున్నదేమిటి? హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో ఒక వక్తను పిలుస్తారు. రెండు గంటలు మాట్లాడి చప్పట్లు కొట్టించి ఆయన వెళ్లిపోతాడు. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. అంతకంటే మంచి అవకాశం ఇంకేముంది? కానీ చాలాచోట్ల శిబిరంలో కూరగాయలు కొనేది అధ్యాపకులు, ఊరి పెద్దలతో మాట్లాడేది అధ్యాపకులు, ఏ రోజు ఏ పనో తేల్చేది కూడా అధ్యాపకులే. పిల్లలు చీపురు పట్టుకుని బ్యానరు ముందు ఫొటోకు నిలబడతారు. తరగతి ప్రతినిధిని మార్కులు చూసి మాస్టారే ఎంపిక చేస్తారు. లింగ్డో కమిటీ 2006లోనే విద్యార్థి ఎన్నికలకు నియమాలు రాసి ఇచ్చింది. పోటీ చేసేవారికి కనీసం 75 శాతం హాజరు ఉండాలి, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ఇంత స్పష్టమైన నియమాలున్నా ఎన్నికలంటే మనకు భయం. పద్దెనిమిదేళ్లకు శాసనసభ్యుణ్ణి ఎన్నుకోవచ్చట, తరగతి ప్రతినిధిని ఎన్నుకోకూడదట! ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. ఏ కార్యక్రమమైనా సాయంత్రం ఆరయ్యేసరికి వాళ్లను పంపేస్తారు. లెక్కలు తేలేది, నిర్ణయాలు జరిగేది ఆ తర్వాతే. ఇంటికి చేర్చే వాహనం ఏర్పాటు చేయడం చేతకాక, ఆడపిల్లల్లో చొరవ లేదని సమావేశాల్లో చెబుతుంటారు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగం దగ్గరే ఉంది. ఆయన సవర గిరిజనుల కోసం బడులు పెట్టడానికి ముందు సవర భాష నేర్చుకున్నారు. పిల్లలకు ఆ రోజు చెప్పవలసింది ఇదే. ఎవరి కోసం పని చేయాలనుకుంటున్నామో వాళ్ల ఇళ్లూ, వాళ్ల ఇబ్బందులూ ముందు తెలుసుకోవాలి. ఆ అమ్మాయి రూళ్ల పుస్తకంతో చేసింది అదే పని.

మా కళాశాలలో ఇప్పుడు శిబిరం భోజనాల డబ్బు విద్యార్థుల చేతికే ఇస్తున్నాను. సంతకు వాళ్లే వెళతారు, బేరం వాళ్లే ఆడతారు. ఆ రోజు లెక్కను రాత్రి భోజనాలకు ముందు గోడకు అంటించాలి, అడిగినవారికి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఒకసారి వంకాయల ధర మీద పెద్ద రగడ జరిగింది. ఇద్దరు విద్యార్థులు మర్నాడు సంతకు పోయి ధర కనుక్కుని వచ్చి అందరికీ చెప్పారు. నేను కలగజేసుకోలేదు. అధ్యాపకులకు అన్నిటికంటే కష్టమైనది ఆ కలగజేసుకోకపోవడమే.

మీరు అధ్యాపకులైతే రాబోయే శిబిరంతోనే మొదలుపెట్టండి. ‘డబ్బు తేడా వస్తే ఎవరు బాధ్యులు?’ అని ప్రిన్సిపాల్ తప్పకుండా అడుగుతారు. నలుగురు విద్యార్థులతో సంతకాలు చేయించి ఆ కాగితం ఆయనకివ్వండి. ఆ నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలు ఉండాలి, మొదటి వరుసలో కూర్చోనివాళ్లు కనీసం ఒక్కరైనా ఉండాలి.