పాప డెంటల్ కోర్సుకు రెండు లక్షల అప్పు ఇప్పుడే చేయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. మూడెకరాల రొయ్యల గుంటలు ఉన్నాయి. పాప నెల్లూరులో బీడీఎస్ ముగించి ఇంటర్న్‌షిప్‌లో ఉంది, ఇంకా నాలుగు నెలలు మిగిలింది. చదువుకని బ్యాంకులో తీసుకున్న 7,00,000 అలాగే ఉంది. ఇప్పుడు రూట్ కెనాల్, ఇంప్లాంట్ల (పోయిన పన్ను చోట దవడలో కొత్తది నాటడం) కోర్సు చేస్తానంటోంది. ఆన్‌లైన్‌లో అయితే 60,000, చెన్నై వెళ్లి నేర్చుకుంటే 2,00,000. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చెన్నై పంపమంటారా, ఆన్‌లైన్‌తో సరిపెట్టమంటారా?

జవాబు: అన్నా, ఈ నాలుగు నెలల్లో రెండూ వద్దు. పాప ఆశ తప్పని కాదు. ఆ అమ్మాయి ఇప్పుడున్న చోటే ఆ చదువు ఉంది.

మీ గుంటల సంగతే చూడండి. రొయ్యకు వచ్చే తెల్లమచ్చ రోగం ఎలా ఉంటుందో వీడియోలో ఎవరైనా చూపిస్తారు. మేత చూసే పళ్లెం, అదే చెక్‌ట్రే, పైకెత్తి మేత ఎంత మిగిలిందో చూసి, రొయ్య తేడాగా ఉందని పట్టుకోవడం మాత్రం గట్టు మీద నిలబడితేనే వస్తుంది. పంటి వైద్యమూ అంతే. పై దవడ వెనక పన్ను నేరుగా కనపడదు. చిన్న అద్దంలో చూస్తూ, ఊరే లాలాజలాన్నీ అడ్డొచ్చే నాలుకనూ తప్పించుకుంటూ పని చేయాలి. పంటి వేరు లోపలికి ఫైల్ అనే సన్నటి పనిముట్టు దిగుతున్నప్పుడు ఎక్కడ బిగిసిందో వేళ్లకే తెలియాలి. 2020లో కాలేజీలు మూతపడినప్పుడు పాఠాలు ఆన్‌లైన్‌లో నడిచాయి గానీ, పేషెంట్ కుర్చీ దగ్గర నేర్చుకునే పని ఆగిపోయింది.

ఇప్పుడు పాపకు కుర్చీ ఉంది, పేషెంట్లు ఉన్నారు, తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని దిద్దే ప్రొఫెసర్లు ఉన్నారు. బయట కోర్సుల్లో ఇవే డబ్బు పోసి కొనుక్కోవాలి. దవడ పళ్లకు రూట్ కెనాల్ కేసులు అడిగి మరీ చేయమనండి. పీకేసిన పళ్ల మీద ముందు సాధన చేయమనండి, దానికి పెద్ద ఖర్చుండదు. ఇంటర్న్‌షిప్ అయ్యాక నెల్లూరులోనో కావలిలోనో అనుభవమున్న డాక్టరు దగ్గర ఒక ఏడాది పని చేస్తే జీతం కొద్దిదైనా చేతికి పని అలవాటవుతుంది. అప్పుడు ఇంప్లాంట్ల మీద మనసు నిలిస్తే చెన్నై పంపండి. చేరే ముందు ఒక్కటే అడగమనండి: తను స్వయంగా ఎన్ని ఇంప్లాంట్లు వేస్తుంది, పేషెంట్‌కా, బొమ్మ దవడకా? జవాబు సూటిగా రాకపోతే డబ్బు కట్టొద్దు.

పాప మనసులో ఎండీఎస్ (బీడీఎస్ తర్వాతి పీజీ) ఉంటే లెక్క వేరు. దాని ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ కంప్యూటర్ మీద రాసేది, దానికి ఆన్‌లైన్ కోచింగ్ చక్కగా సరిపోతుంది. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు మిగులుతుంది. ఇంప్లాంట్ కోర్సు సర్టిఫికెట్ ఎండీఎస్‌కు సమానం కాదు కాబట్టి, ముందు ఈ రెండింట్లో ఏదన్నది పాపతో కూర్చుని తేల్చుకోండి.

ఇక వడ్డీ. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 2,00,000 మీద నెలకు 4,000, ఏడాదికి 48,000 వడ్డీకే పోతుంది. పంట పోయినా ఆ వడ్డీ ఆగదు. తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి, వడ్డీ ఇందులో సగం కూడా పడదు.

విద్యా రుణం వాయిదాలు మామూలుగా చదువు అయిన ఏడాదికి మొదలవుతాయి. 10 శాతం వడ్డీతో పదేళ్లకు లెక్కేసినా 7,00,000కు నెలకు 9,250 దాకా వస్తుంది. ఇన్నాళ్ల వడ్డీ అసలులో కలిస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే ఈసారి రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు రాగానే మేత బాకీ తీర్చి, మళ్లీ గుంటలో రొయ్య పిల్ల వేయడానికి కావలసింది పక్కన పెట్టి, మిగిలిన దాంట్లోంచి ముందు ఆ పేరుకున్న వడ్డీ కట్టేయండి. ఎంతయిందో బ్యాంకులో స్టేట్‌మెంట్ అడిగితే ఇస్తారు.